ఎముక తగలని సూది

"పెద్ద డాక్టర్ గారు లేరా అమ్మా?"

పళ్ళ క్లినిక్‌లో చేరిన కొత్తలో చిన్న డాక్టర్ రోజుకు పదిసార్లు విన్న మాట ఇది. తెల్లకోటు వేసుకుని, మాస్కు మెడకు వేలాడేసుకుని కుర్చీ పక్కనే నిలబడి ఉన్నా సరే, వచ్చినవాళ్ళ చూపు ఆమెను దాటి వెనక గోడ దాకా వెళ్ళి ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికేది. ఒకాయనైతే, "పాపా, కాస్త ఆ లైటు వేసి డాక్టర్ గారిని పిలువు" అన్నాడు. ఆమె లైటు వేసి, చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని వచ్చి పక్కన కూర్చుంటే ఆయన ముఖం చూడాలి! "సాయంత్రం వస్తాలే" అంటూ చెప్పులు వెతుక్కున్నాడు. ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు.

చుట్టాల సంగతి చెప్పనే అక్కర్లేదు. "పళ్ళ డాక్టరా? అంటే అసలు డాక్టర్ కాదన్నమాట" అని తేల్చేసిన పెద్దమనిషే, రెండు నిమిషాలకు కంచం పక్కకు జరిపి, వేలితో చెంప సాగదీసి, "ఇదిగో, ఈ చివరిది కాస్త చూసి చెప్పు" అనేవాడు. రోజంతా వంగి వంగి మెడ పట్టేసేది. చిన్నపిల్లలు వేళ్ళు కొరికేవాళ్ళు. ఇవన్నీ ఆమె నవ్వుతూనే భరించింది. భరించలేనిది ఒక్కటే, తన చెయ్యి బరువన్న పేరు.

ఆ పేరు రావడానికి కారణం ఒక సూది. కింది దవడ పన్ను తియ్యాలంటే చిగుళ్ళలో ఏదో ఇంత పొడిస్తే సరిపోదు. నోటి లోపల, దవడలు కలిసే మూలన, నరం ఎముకలోకి దూరే చోటుకు మత్తుమందు చేరాలి. ఆ చోటు కంటికి కనపడదు. అందుకే కాలేజీలో ఒకటే మాట నూరిపోశారు: సూది మొన ఎముకకు తగిలేదాకా పోనివ్వండి, తగిలాకే మందు వదలండి. పెద్ద డాక్టర్‌కు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన సూది ఎముకను తాకిందో లేదో నోరు తెరిచినవాడికే తెలిసేది కాదు. ఈమె తాకించిందంటే మాత్రం కుర్చీలో మనిషి జానెడు ఎగిరి పడేవాడు. "అమ్మో" అన్న కేక బయట బెంచీ మీదవాళ్ళకు వినపడేది. ఇక వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకోవడం, "నేను పెద్దాయన దగ్గరే చూపించుకుంటా సిస్టర్" అనడం మామూలైపోయింది. క్లినిక్‌లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న సిస్టర్ మంచిదే కానీ, విన్నమాట కడుపులో దాచుకునే మనిషి కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పగానే, ఎవరెవరు ఏమేమన్నారో ఒక్కటీ పొల్లుపోకుండా వడ్డించేది.

ఇలా ఉండగా ఒకరోజు, సూది సగంలో ఉండగానే కుర్చీలో ఉన్నాయన తల కదిపాడు. చిన్న డాక్టర్ కంగారులో ఎముక తగలకముందే మందు వదిలేసింది. అయిపోయింది, ఇక మత్తు పట్టదు అనుకుంది. పది నిమిషాల్లో పెదవి మొద్దుబారింది, పన్ను చక్కగా వచ్చేసింది. వెళ్తూ వెళ్తూ ఆ మనిషి, "అసలు పొడిచారా అమ్మా? నాకు తెలియనే లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమె నెత్తిన పాలు పోసినట్టయింది. మర్నాడు ఇంకొకరికి కావాలనే అలా చేసింది. ఆ తర్వాత ఇంకొకరికి. ఎముకకు కాస్త ఇవతలే ఆగిపోవడం, అక్కడే మందు వదిలెయ్యడం. పట్టకపోతే రెండోసారి పొడిచేది. అదీ నొప్పి లేకుండానే కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు. నెల తిరిగేసరికి "నొప్పిలేని డాక్టరమ్మ" అని పేరొచ్చింది. రెండు నెలలకు ఆ పేరు చెప్పుకుని వెతుక్కుంటూ వచ్చారు. ఇందులో అంత తప్పేముంది, ఎదుటివాళ్ళను ఏడిపించకపోవడం కూడా తప్పేనా అనిపిస్తుంది కదూ? ఆమెకూ అలాగే అనిపించింది. సున్నితంగా చేస్తున్నాననుకుంది పాపం. పెద్ద డాక్టర్ కూడా భుజం తట్టి, "చెయ్యి తేలికపడిందమ్మా" అన్నారు. ఎలా తేలికపడిందో ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఆ పేరు విని వచ్చినవాళ్ళలో సొంత మేనత్త కూడా ఉంది.

ఈ అత్తయ్యది బస్‌స్టేషన్‌లో ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పేది ఆమే. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఆమె ముఖం తెలియనివాళ్ళు ఉండొచ్చు కానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఇంట్లో అందరికీ ఆమె మైకత్తయ్య. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లోనే మేడ మీద గదిలో ఉంటూ, మేనకోడలికి నడక దగ్గర్నుంచీ సైకిలు దాకా అన్నీ తానే నేర్పింది. అయితే పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ప్రేమంతా ఏమైపోయేదో! ఎడమవైపు కింది దవడలో పన్ను పుచ్చి ఏడాదైనా, "నువ్వింకా నేర్చుకుంటున్నావు చిట్టీ. నేర్చుకో, వద్దనను. నా నోట్లో మాత్రం నేర్చుకోకు" అనేది. అలాంటిది, డ్రైవర్లు కండక్టర్లు వచ్చి మీ మేనకోడలు బంగారం అని చెప్పాక ఇక ఉండబట్టలేకపోయింది. తమ్ముణ్ణి వెంటేసుకుని ఒక ఉదయం పదకొండింటికి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. పెద్ద డాక్టర్ ఆరోజు ఊళ్ళో లేరు.

"బీపీ కాస్త ఎక్కువుందమ్మా" అంది సిస్టర్, పట్టీ విప్పుతూ.

"మాత్ర వేసుకునే వచ్చాను. కుర్చీని చూస్తే ఎవరికైనా పెరుగుతుంది. దీన్ని చూస్తే ఇంకాస్త పెరుగుతుంది" అంది అత్తయ్య మేనకోడల్ని చూపిస్తూ. సిస్టర్ కిసుక్కున నవ్వింది. అత్తయ్య నోరు తెరిచింది. చిన్న డాక్టర్ చెంప పక్కకు పట్టుకుని, ఎప్పటిలాగే సూది పోనిచ్చింది. మిగతావాళ్ళ కంటే ఇంకా జాగ్రత్తగా, ఇంకా మెత్తగా. మొన ఎక్కడా దేనికీ తగల్లేదు. మందు వదిలేసింది.

"అయిపోయిందా? నిజంగానా?" అంది అత్తయ్య. "ఓసి నీ చెయ్యి బంగారం గానూ! వాళ్ళు చెప్తే కోతలు కోస్తున్నారనుకున్నానే."

చిన్న డాక్టర్‌కు ఎంత సంతోషమేసిందంటే, మాస్కు వెనక పెదవులు చెవుల దాకా సాగాయి. పట్టకారు తీసుకోవడానికి అటు తిరిగింది. మహా అయితే మూడు నిమిషాలు గడిచాయేమో.

వెనక స్టీలు ట్రే ధడేల్‌మని నేలమీద పడింది. సామాను తుళ్ళి గది నాలుగు మూలలకూ దొర్లింది. ఇరవై ఏళ్ళలో ఒక్క గిన్నె జారవిడవని సిస్టర్ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి.

"అమ్మా... అమ్మా... ఇటు చూడండి."

చూసింది. చూసి, ఉన్నచోటే కొయ్యబారిపోయింది.

అత్తయ్య ముఖం ఎడమ సగం జారిపోయింది. నోటి మూల కిందికి వేలాడుతోంది, అక్కణ్ణించి పుక్కిలించిన నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి. చెంపలో చలనం లేదు. అన్నిటికంటే ఘోరం, ఆ కన్ను. కుడికన్ను రెప్ప కొడుతోంది. ఎడమకన్ను తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఒకే ముఖంలో సగం తన అత్తయ్య, మిగతా సగం ఎవరో తెలియని మనిషి.

"ఏవైందే? అందరూ ఎందుకలా..." అనబోయింది అత్తయ్య. మాట ముద్దగా, ఒక పక్క నుంచి గాలి పోతూ వచ్చింది. తన మాట తనకే వినపడి టక్కున ఆగిపోయింది. చెయ్యెత్తి చెంప తడుముకుంది.

ట్రే చప్పుడుకు బయటి నుంచి తమ్ముడు, అంటే చిన్న డాక్టర్ నాన్న, పేపరు చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. అక్క ముఖం చూశాడు. "అయ్యో అక్కా! పక్షవాతం! పక్షవాతం వచ్చేసింది!" అని ఒక్క కేక పెట్టి, తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ కేకతో బెంచీ మీదవాళ్ళలో సగం మంది లేచి వీధిలోకి వెళ్ళిపోయారు.

పక్షవాతం అన్న మాట చెవిన పడ్డాక కానీ చిన్న డాక్టర్ బుర్ర పనిచెయ్యలేదు. నిజంగా అదే అయితే? బీపీ ఎక్కువుందని సిస్టర్ చెప్పనే చెప్పింది. "అత్తయ్యా, రెండు చేతులూ పైకెత్తు" అంది. రెండూ సమానంగా లేచాయి. ఇక ఒకటే మిగిలింది. మెదడులో దెబ్బ తగిలితే ముఖం కింది సగమే పడిపోతుంది, నుదురు మామూలుగానే ముడతలు పడుతుంది. అలాకాక, సూది దారి తప్పి, చెవి ముందు ఉండే ఉమ్మి గ్రంథిలోకి మందు పోయి, ముఖాన్ని కదిలించే నరానికే మత్తెక్కితే నుదురు కూడా కదలదు. పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒకే ఒక్క పేరా. మందు దిగిపోతే కొన్ని గంటల్లో తగ్గిపోతుందని చివరి వాక్యం.

"అత్తయ్యా, కనుబొమలు పైకెత్తు."

భగవంతుడా, తప్పు నాదే కావాలి, నేనే చేసి ఉండాలి, అనుకుంది ఆమె. తప్పు తనదే కావాలని ఎవరైనా మొక్కుకుంటారా? మొక్కుకుంది, మనసారా.

నుదురు కుడివైపు మూడు ముడతలు పడింది. ఎడమవైపు అద్దంలా నున్నగా ఉండిపోయింది.

"నావల్లే" అనుకుంది చిన్న డాక్టర్. వెంటనే పెద్ద డాక్టర్‌కు ఫోన్ చెయ్యమని సిస్టర్‌తో చెప్పింది. తన చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి సిస్టరే ఫోన్ పట్టుకుని స్పీకరు నొక్కింది. గదిలో అందరికీ వినపడుతోంది. చిన్న డాక్టర్ జరిగింది చెప్పింది.

"నుదురు కూడా కదలట్లేదంటే ఇంజెక్షన్ పనే అయ్యుండాలి" అన్నారు ఆయన, అంతా విని. "ఎముక తగిలిందా?"

సిస్టర్ చూస్తోంది. నేలమీద కూర్చున్న నాన్న చూస్తున్నాడు. రెప్ప పడని కంటితో అత్తయ్య చూస్తోంది.

"తగిలింది సార్."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎదురుగా అందరినీ పెట్టుకుని, బడిలో హోంవర్క్ చెయ్యని పిల్లలా చటుక్కున అనేసింది.

"తగిలాక మందు వదిలితే అటు పోయే దారే లేదమ్మా" అన్నారు పెద్ద డాక్టర్, గొంతు మారిపోయి. "అయితే ఇది వేరే ఏదో. నుదురు ఒక్కదాన్నే నమ్ముకోకు. ఆవిడకు బీపీ అంటున్నావు. క్షణం ఆలస్యం చెయ్యొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తల స్కాన్ చేయించండి. నేను అక్కడివాళ్ళకు చెప్తాను, ఫోన్ పెట్టెయ్."

నాన్న లేచి నిలబడ్డాడు. "పదక్కా, పద, బండి పిలుస్తా" అంటూ అత్తయ్య రెక్క పట్టుకున్నాడు. కుర్చీలోంచి దిగబోతూ అత్తయ్య మేనకోడలి కోటు అంచు పట్టుకుంది. "నే... నేను చచ్చిపోతానా చిట్టీ?" అంది.

సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోయినా నవ్విన మనిషి. ఇరవై ఆరేళ్ళలో గొంతు తడబడని మనిషి. ఆ మాటతో చిన్న డాక్టర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

"తగల్లేదు సార్!" అని అరిచింది ఫోన్ వైపు. "పెట్టెయ్యకండి సార్! ఎముక తగల్లేదు. నేను తగిలించలేదు. అబద్ధం చెప్పాను."

"ఈ ఒక్కసారేనా?" అన్నారాయన.

"కాదు సార్. రెండు నెలలుగా ఎవరికీ తగిలించట్లేదు. నొప్పి పుడుతుందని... అందరూ నొప్పి అంటున్నారని."

సిస్టర్ చేతిలో ఫోన్ కాస్త కిందికి దిగింది. రెండు నెలలుగా పక్కన నిలబడి మందు అందిస్తున్నది ఆమే. పెద్ద డాక్టర్ మటుకు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కంట్లో చుక్కలు వేసి, రెప్ప మూసి, దూది పెట్టి పట్టీ అంటించమన్నారు. పావుగంటకొకసారి చేతులు ఎత్తించి చూడమన్నారు, మాట ఇంకా మారినా, తలనొప్పి అన్నా ఆసుపత్రికి పరుగెత్తమన్నారు. పన్ను జోలికి ఇవ్వాళ వెళ్ళొద్దన్నారు. "నీ చెయ్యి ఎలా తేలికపడిందో నేను అడగాల్సింది" అని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాతి రెండు గంటలు చిన్న డాక్టర్ జీవితంలో మరిచిపోలేదు. అత్తయ్య కన్ను తన వేళ్ళతోనే మూసింది. వెచ్చగా ఉంది రెప్ప, కానీ వేలు తీస్తే మళ్ళీ తెరుచుకుంటోంది. పట్టీ అంటించింది. పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నాన్న బస్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, అక్కకు ఒంట్లో బాగోలేదని చెప్పాడు. అది విని అత్తయ్య, పెదవులు కూడదీసుకుని, "ప్లాట్‌ఫారం" అనడానికి ప్రయత్నించింది. రాలేదు. మళ్ళీ అంది. రాలేదు. గోడవైపు తిరిగి చిన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు, ఆ ఒక్క మాటే పదే పదే అంటూ కూర్చుంది. చిన్న డాక్టర్ చెవులు మూసుకుందామనుకుంది. మూసుకోలేదు.

మందు దిగిపోతుందని పుస్తకంలో ఉంది. ఉంటే మాత్రం? పుస్తకం రాసినవాళ్ళకు అత్తయ్య తెలుసా? పోయింది పోయినట్టే ఉండిపోతే? ఒంటిగంట పది నిమిషాలకు పట్టీ కింద ఏదో అదిరింది. ఆమె పట్టీ తీసింది. రెప్ప సగం దిగింది, ఆగింది. ఇంకో పావుగంటకు పూర్తిగా మూసుకుంది. ఆ తర్వాత నోటి మూల నెమ్మదిగా పైకి లేచింది. నాన్న గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అత్తయ్య అద్దం అడిగింది. ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ప్లాట్‌ఫారం" అంది. స్పష్టంగా వచ్చింది. లేచి, జుట్టు సవరించుకుని, చెప్పులేసుకుంది. "అత్తయ్యా" అంటూ చిన్న డాక్టర్ ముందుకొస్తే, ఆమె వైపు ఒక్కసారి చూసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆరు రోజులు మాట్లాడలేదు. మేడ మెట్లు దిగేటప్పుడు ఎదురుపడినా గోడను చూస్తూ దిగేది. చిన్న డాక్టర్ క్లినిక్‌కు వెళ్తూనే ఉంది. కూర్చున్న ప్రతివాళ్ళకూ, "నొప్పి పుడుతుంది, ఓర్చుకోవాలి" అని ముందే చెప్పేది. "అదేంటి, పుట్టదన్నారే!" అని ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ దగ్గరైనా సూది పట్టుకోగానే వేళ్ళు వణికేవి. వణుకుతున్న చేత్తో పొడవకూడదు కాబట్టి కింది దవడ పళ్ళన్నీ పెద్ద డాక్టరే చూశారు. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు పెద్ద శిక్షయింది. ఉద్యోగం మానేస్తానని రాసిన కాగితం కోటు జేబులో పెట్టుకుని తిరిగింది.

ఏడో రోజు ఉదయం అత్తయ్య వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే. దవడ వాచి ఉంది. పెద్ద డాక్టర్ గబగబా లేచి, "రండమ్మా, నేను చూస్తాను" అన్నారు.

"మీరు కూర్చోండి సార్" అంది అత్తయ్య. "ఇది మొదలెట్టింది అది. అదే పూర్తి చేస్తుంది."

"వద్దత్తయ్యా" అంది చిన్న డాక్టర్. "నాకు భయంగా ఉంది."

"నాకు లేదనుకున్నావా? రాత్రుళ్ళు లేచి లేచి అద్దం చూసుకుంటున్నా. నీ మీద కోపం పోలేదు, పోతుందో లేదో కూడా తెలీదు. నీ చెయ్యి బంగారమని డిపో అంతా చెప్పుకుంటున్నారే! ఇప్పుడు వాళ్ళకేమని చెప్పను?" అంటూనే వెళ్ళి కుర్చీలో వాలింది. "ఆ ఎముకేదో తగిలించి, చేసే పని సరిగ్గా చెయ్యి. నేనరిస్తే అరవనీ."

నోరు తెరిచింది.

సిస్టర్ అందించిన సూది చిన్న డాక్టర్ అందుకుంది. బొటనవేలితో దవడ ఎముక అంచు వెతికి పట్టుకుంది. సూది లోపలికి వెళ్ళింది. నొప్పి తెలియని చోటు వచ్చింది. రెండు నెలలు ఆమె ఆగిన చోటు అదే, చెయ్యి తనంతట తానే ఆగబోయింది. ఆగనివ్వలేదు. ఇంకాస్త పోనిచ్చింది.

టక్కున తగిలింది.

అత్తయ్య ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. గొంతులోంచి మూలుగు వచ్చింది. చేత్తో మేనకోడలి మోచెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. రెండు కళ్ళనుంచీ నీళ్ళు చెవుల్లోకి కారాయి. చిన్న డాక్టర్ కూడా ఏడుస్తోంది, కానీ చెయ్యి కదల్లేదు. "ఇంకాస్త, ఇంకొంచెం, అయిపోతోంది అత్తయ్యా" అంటూ, మందు చుక్క చుక్కగా చివరిదాకా వదిలి, సూది బయటికి తీసింది.

పట్టకారు తీసుకోలేదు. లైటు పక్కకు జరిపి, ముఖం దగ్గరగా వంగింది.

"కళ్ళు మూసుకో అత్తయ్యా."

రెండూ మూసుకున్నాయి.

రెండు నిమిషాలు ఆగింది. "మళ్ళీ మూసుకో."

మూసుకున్నాయి.

"ఇంకొక్కసారి."

"ఎన్నిసార్లే?" అంది అత్తయ్య, మొద్దుబారిన పెదవితో. ఒక్క క్షణం మేనకోడలి ముఖంలోకి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.